13 మ్యాచ్‌ల్లో ముందు గోలు మనదే

"వాళ్ళు ఎప్పుడు ఎలా ఆడతారో వాళ్ళకే తెలీదు మావా." గుంటూరు బ్రాడీపేటలో టీ కొట్టు దగ్గరైనా, విజయవాడ బెంజ్ సర్కిల్ పక్క సందులోనైనా ఇంగ్లండు ఫుట్‌బాల్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ మాట వస్తే ఎవరో ఒకరు ఈ వాక్యం అంటారు, మిగతావాళ్ళు తలూపుతారు. ఆ జట్టు కోచ్ రూబెన్ అమోరిమ్‌ని 2026 జనవరి 5న పంపించేశారు. ఆయన వెళ్ళాడు గానీ వాదన వెళ్ళలేదు. ఇంకాస్త టైమ్ ఇవ్వాల్సిందని ఒక వర్గం, నాలుగో డివిజన్ జట్టు గ్రిమ్స్‌బీ చేతిలో ఓడిన రాత్రే పంపాల్సిందని ఇంకో వర్గం. పొద్దుపోయేదాకా తిట్టుకునే ఈ రెండు వర్గాలూ ఒక్క విషయంలో మాత్రం ఒకటే మాట మీద ఉంటాయి: జట్టుకి నిలకడ లేదని. నాకు అభ్యంతరం ఉన్నది సరిగ్గా అక్కడే.

ఆయన ఆడించిన జట్టుకి నిలకడ ఉంది. ఒకే రకంగా గెలిచింది, ఒకే రకంగా గెలుపు చేజార్చుకుంది. మనం స్కోర్లు చూసి ఊరుకున్నాం కాబట్టి అది పైకీ కిందకీ ఊగుతున్నట్టు కనపడింది.

2024-25 సీజన్‌ని ఇందులోకి లాగను. 42 పాయింట్లు, 15వ స్థానం, బిల్బావోలో టోటెన్‌హామ్ చేతిలో యూరోపా లీగ్ ఫైనల్ ఓటమి, అన్నీ గుర్తున్నాయి. కానీ ఆయన నవంబరు మధ్యలో వచ్చాడు. గురువారం యూరప్ మ్యాచ్, ఆదివారం లీగ్ మ్యాచ్. మధ్యలో ఒకరోజు ప్రయాణం, కాళ్ళకి విశ్రాంతి, ఇంకొకరోజు వీడియో చూసి మెల్లగా నడిచే ప్రాక్టీసు. వేరే కోచ్ ఎంచుకున్న ఆటగాళ్ళకి అలాంటి వారాల్లో కొత్త ఫార్మేషన్ (ఎవరు ఎక్కడ నిలబడాలన్న అమరిక) నేర్పడం ఎవరి వల్లా కాదు. 2025-26లో అలా కాదు. యూరప్ పోటీలు లేవు. లీగ్ కప్పు ఆగస్టులోనే పోయింది. వేసవి ప్రాక్టీసు మొత్తం ఆయన చేతిలో ఉంది. చాలావరకు వారానికి ఒక్క మ్యాచ్. కోచ్ పని చూడాలంటే ఇంతకన్నా శుభ్రమైన అవకాశం దొరకదు.

ఆ 20 మ్యాచ్‌లు

ఆ సీజన్‌లో ఆయన కింద ఆడిన లీగ్ మ్యాచ్‌లు 20. 8 గెలుపులు, 7 డ్రాలు, 5 ఓటములు, 31 పాయింట్లు, ఆరో స్థానం. ఈ వరస చూసి ఎవరైనా ఊగిసలాటే అంటారు. ఇప్పుడు ఇదే వరసని ఒక్క ప్రశ్నతో విడదీద్దాం: ముందు గోలు ఎవరు కొట్టారు?

యునైటెడ్ ముందు గోలు కొట్టిన మ్యాచ్‌లు 13. వాటిలో 7 గెలిచింది: బర్న్‌లీ, చెల్సీ, సండర్లాండ్, లివర్‌పూల్, బ్రైటన్, వుల్వ్స్ మీద 4-1, న్యూకాజిల్. మిగతా 6 డ్రా అయ్యాయి: ఫుల్హమ్, ఫారెస్ట్, టోటెన్‌హామ్, వెస్ట్‌హామ్, బోర్న్‌మత్, మళ్ళీ వుల్వ్స్. ఒక్కటీ ఓడిపోలేదు.

అవతలివాళ్ళు ముందు కొట్టిన మ్యాచ్‌లు 7. వాటిలో 5 ఓటములు: ఆర్సెనల్, మాంచెస్టర్ సిటీ, బ్రెంట్‌ఫర్డ్, ఎవర్టన్, విల్లా. లీడ్స్‌తో డ్రా. వెనకబడ్డాక గెలిచింది ఒక్క క్రిస్టల్ ప్యాలెస్ మీద.

ఎప్పుడు ఎలా ఆడతారో తెలియని జట్టు లెక్క ఇలా ఉండదు. ముందు కొడితే ఓడరు, కానీ దాదాపు సగం సార్లు గెలుపు నిలబెట్టుకోలేరు. వెనకబడితే లేవలేరు. ఆ 6 డ్రాల్లో ఒక్కోదానికి 2 చొప్పున పోయినవి 12 పాయింట్లు. 31కి 12 కలిపితే 43. ఆ 12లో సగం వచ్చినా టీ కొట్టు దగ్గర మాటలు వేరుగా ఉండేవి.

క్రికెట్ అయితే దీన్ని మనం ఇట్టే పట్టేస్తాం. మొదట బ్యాటింగ్ చేసి మంచి స్కోరు పెట్టి, చివరి నాలుగు ఓవర్లలో మ్యాచ్ ఇచ్చేసే జట్టుని చూసి నిలకడ లేదని ఎవరం అనం. డెత్ బౌలర్ లేడంటాం. జబ్బు పేరు చెప్తాం. ఫుట్‌బాల్ దగ్గరికొచ్చేసరికి ఆ ఓపిక ఉండటం లేదు.

దీనికి మన గడియారం కూడా కొంత కారణమనుకుంటున్నాను. లివర్‌పూల్ మీద 2-1 గెలుపు అక్టోబరు 19న, దీపావళికి ముందురోజు ఆదివారం రాత్రి 9 గంటలకి వచ్చింది. తర్వాతి శనివారం బ్రైటన్ మ్యాచ్ రాత్రి 10కి. అందరం కూర్చుని చూశాం. ఆ మర్నాటి నుంచి ఇంగ్లండులో గడియారాలు గంట వెనక్కి జరిగాయి. ఎవర్టన్, వెస్ట్‌హామ్, బోర్న్‌మత్ మ్యాచ్‌లు మనకి తెల్లవారుజామున ఒంటిగంటన్నరకి మొదలయ్యాయి, అదీ పనిరోజుల్లో. పొద్దున బస్సులో హైలైట్స్ చూసినవాళ్ళే ఎక్కువ. 1-1 మ్యాచ్ హైలైట్స్‌లో రెండు గోళ్ళు కనపడతాయి. 60వ నిమిషం నుంచి 83వ నిమిషం దాకా బంతి మన పెనాల్టీ బాక్సు చుట్టూనే తిరిగిన సంగతి అందులో ఉండదు. గెలిచినవి పూర్తిగా చూసి, చేజారినవి ముక్కలుగా చూస్తే జట్టు రెండు రకాలుగా ఆడుతున్నట్టే అనిపిస్తుంది.

70 దాటాక ఏం జరిగేది

ఆ 6 డ్రాల్లో గోలు తిరిగి ఇచ్చిన నిమిషాలు చూడండి. ఫుల్హమ్ 73. వెస్ట్‌హామ్ 83. టోటెన్‌హామ్ 84, ఆపైన 91 (డి లిఖ్ట్ 96లో కొట్టబట్టి ఒక పాయింటన్నా దక్కింది). బోర్న్‌మత్‌తో 4-4లో చివరి గోలు 84. ఫారెస్ట్, వుల్వ్స్ మాత్రం వేరే వేళల్లో కొట్టాయి. ఆరింటిలో నాలుగు 70 దాటాకే.

ఎందుకో తెలియాలంటే బల్ల మీద టీ గ్లాసులు పేర్చితే చాలు. అమోరిమ్ ఫార్మేషన్ 3-4-2-1. వెనక ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లు. వాళ్ళ ముందు నలుగురు: రెండు అంచుల్లో వింగ్‌బ్యాక్‌లు, మధ్యలో ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు. వాళ్ళ ముందు ఇద్దరు పది నంబర్లు (స్ట్రైకర్ వెనక ఉండి దాడి నడిపేవాళ్ళు), అందరికన్నా ముందు ఒక స్ట్రైకర్. ఆ సీజన్‌లో మధ్యలో ఆ ఇద్దరు ఎక్కువగా కాసెమిరో, బ్రూనో ఫెర్నాండెస్.

మైదానం వెడల్పు 68 మీటర్లు. ఇద్దరే కాస్తే ఒక్కొక్కరికి 34 మీటర్లు. అవతలివాళ్ళు మధ్యలో ముగ్గురిని పెడితే వాళ్ళకి ఒక్కొక్కరికి 23 మీటర్లు చొప్పున. ఎప్పుడూ ఒకడు ఖాళీగా దొరుకుతాడు. ఆ ఖాళీ మనిషిని ఎవరో ఒకరు పట్టుకోవాలి. సెంటర్‌బ్యాక్ ముందుకొచ్చి పట్టుకుంటే అతని వెనక చోటు తెరుచుకుంటుంది. బ్రెంట్‌ఫర్డ్‌లో 8వ నిమిషానికే పడ్డ గోలు అదే: హెండర్సన్ వెనకనుంచి పొడవాటి బంతి వేశాడు, మనవాళ్ళ లైను ముందుకొచ్చి ఉంది, ఇగోర్ తియాగో ఒక్కడే పరుగెత్తాడు. సెంటర్‌బ్యాక్ రాకపోతే పది నంబర్లలో ఒకరు వెనక్కి రావాలి. అంటే ఎంబ్యుమోనో కున్యానో ప్రతి దాడికీ 40 మీటర్లు వెనక్కి, బంతి దొరికితే మళ్ళీ 40 మీటర్లు ముందుకి. గంటసేపు ఆ పని బ్రహ్మాండంగా చేశారు. అందుకే మొదటి గంటలో జట్టు అంత బాగా కనపడేది. 70 దగ్గర కాళ్ళు ఆగిపోతాయి.

అప్పుడు లీడ్‌లో ఉన్న జట్టు ఏం చేస్తుంది? వింగ్‌బ్యాక్‌లు వెనక్కి జారి వెనక అయిదుగురవుతారు. పది నంబర్లు అంచుల్లోకి జారి మధ్యలో నలుగురవుతారు. ముందు స్ట్రైకర్ ఒక్కడు. 5-4-1. బాక్సు నిండా మనుషులుంటారు కాబట్టి చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. కానీ తన్నేసిన బంతి ఎవరి దగ్గరికి పోతుంది? ఇద్దరు డిఫెండర్ల మధ్య ఉన్న ఆ ఒక్కడి దగ్గరికి. వీపుతో డిఫెండర్ని ఆపి, నాలుగు సెకన్లు బంతి నిలబెట్టుకుంటే మిగతావాళ్ళు పైకి వస్తారు. మన స్ట్రైకర్ షెష్కో ఎదురుగా ఖాళీ ఉంటే పరుగెత్తే కుర్రాడు, బంతి పట్టుకుని నిలబడే పని అతనిది కాదు. బంతి వెంటనే తిరిగొచ్చేస్తుంది. అవతలి ఫుల్‌బ్యాక్‌లని ఎవరూ అడ్డుకోరు, వాళ్ళు తీరిగ్గా పైకొచ్చి క్రాస్‌లు వేస్తారు. క్రాస్ అడ్డుకుంటే కార్నర్, కార్నర్ అడ్డుకుంటే ఇంకో కార్నర్. వెస్ట్‌హామ్ గోలు అలాంటి కార్నర్ నుంచే పడింది.

దీనికి కాసెమిరో వయసు తోడు. అప్పటికి 33 ఏళ్ళు. అతను ఉన్నంతసేపు మధ్యలో తలతో కొట్టే బంతులు, రెండోసారి పడే బంతులు మనవే. వారం వారం 90 నిమిషాలు ఆడగలిగే వయసు కాదు కాబట్టి రెండో సగంలో బయటికి తీయాల్సి వచ్చేది. అతని చోటులోకి అదే పని చేయగల మనిషి బెంచి మీద లేడు. ఉగార్టే బంతి లాక్కుంటాడు, లాక్కున్నది నిలబెట్టుకోలేడు. బంతి నిలబెట్టుకోగల కుర్రాడు మైనూకి ఆ సీజన్‌లో అమోరిమ్ కింద లీగ్‌లో ఒక్క మ్యాచ్‌లోనూ మొదటి పదకొండులో చోటు దక్కలేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం. లీడ్‌లో ఉన్నప్పుడు కావలసింది బంతిని చల్లబరిచే మనిషి, ఆ మనిషి మన దగ్గరే ఉన్నాడు.

నమ్మకం కుదరకపోతే టర్ఫ్ మీద చేసి చూడొచ్చు. 20 అడుగులకి 20 అడుగుల చదరం గీసి, ముగ్గురికి బంతి ఇచ్చి, ఇద్దరిని పట్టుకోమనండి. బంతి ఉన్నవాళ్ళకి రెండు టచ్‌లే అని షరతు పెట్టండి. మొదట్లో పట్టేవాళ్ళు మెరుపులా ఉంటారు, నాలుగైదు పాస్‌లు దాటనివ్వరు. అయిదు నిమిషాలు ఆపకుండా ఆడించండి. పాస్‌లు పది దాటడం మొదలవుతుంది, ఎందుకంటే పట్టేవాళ్ళు పరుగు మానేసి కాళ్ళు చాచడం మొదలుపెడతారు. మూడోవాణ్ణి లోపలికి పంపండి, మళ్ళీ నాలుగైదుకి పడిపోతుంది. ఇద్దరితో ముగ్గురిని ఆపడం సాధ్యమే, ఎంతసేపన్నదే లెక్క.

పదిమంది మీద ఓటమి

వెనకబడితే లేవలేకపోవడం ఇదే జబ్బుకి రెండో వైపు. 2025 నవంబరు 24 నాటి ఎవర్టన్ మ్యాచ్ చాలు. 13వ నిమిషంలో ఎవర్టన్ ఆటగాడు గే తన సొంత జట్టు డిఫెండర్ కీన్ చెంప మీద కొట్టి రెడ్ కార్డు తెచ్చుకున్నాడు. 29వ నిమిషంలో వాళ్ళ డ్యూస్‌బరీ-హాల్ గోలు. ఇంకా గంట మిగిలి ఉంది, సొంత మైదానం, అవతల పదిమంది, 0-1తో ఓటమి.

పదిమందితో వెనక్కి తగ్గిన జట్టు ముందు ఒక్కణ్ణి వదులుతుంది. ఆ ఒక్కణ్ణి కాయడానికి మన వెనక ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లు. అంటే రెడ్ కార్డు వల్ల వచ్చిన అదనపు మనిషి మన పెనాల్టీ బాక్సు ముందే మిగిలిపోయాడు, వాళ్ళ బాక్సులోకి చేరలేదు. వెడల్పు తెచ్చేది వింగ్‌బ్యాక్ ఒక్కడే, వాడి మీద ఇద్దరు కాపలా. ఎడమ అంచులో కుడికాలి ఆటగాడు డాలో ఉన్నప్పుడు ఇంకో చిక్కు: క్రాస్ వేయాలంటే బంతిని లోపలికి తిప్పి కుడికాలికి తెచ్చుకోవాలి. ఆ ఒక్క టచ్‌లో బాక్సులో డిఫెండర్లందరూ సర్దుకుంటారు. డోర్గుని 2025లో లెచ్చే నుంచి తెచ్చింది ఎడమకాలి ఆటగాడనే.

మరి లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో ఎలా గెలిచారు? 2016 జనవరి తర్వాత అక్కడ అదే మొదటి గెలుపు కాబట్టి ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారు. జవాబు ఫార్మేషన్‌లోనే ఉంది. లివర్‌పూల్ సొంత మైదానంలో వెనక కూర్చోదు, పైకొస్తుంది, వెనక చోటు వదులుతుంది. ఒక నిమిషం దాటీ దాటగానే ఎంబ్యుమో గోలు. అక్కడ కూడా లీడ్ నిలవలేదు, 78లో గాక్పో సమం చేశాడు. 84లో మగ్వైర్ తలతో కొట్టకపోతే అది అలా చేజారిన ఏడో మ్యాచ్. మన మనసులో అది గొప్ప గెలుపు, నా కళ్ళకి మాత్రం టోటెన్‌హామ్ మ్యాచ్ లాంటిదే, చివరి హెడర్ పడ్డదల్లా మనకి అనుకూలంగా.

అయినా కొన్ని అనుమానాలు

ఈ వాదనకి ఎదురుచెప్పేవాళ్ళ దగ్గర గట్టి మాటలే ఉన్నాయి.

ఒకటి, ఇదే 3-4-2-1తో ఆలివర్ గ్లాస్నర్ క్రిస్టల్ ప్యాలెస్‌కి 2025 మే 17న ఎఫ్ఏ కప్పు తెచ్చిపెట్టాడు. సిటీ మీద 16వ నిమిషంలో ఎజే కొట్టిన ఒక్క గోలుని ఆఖరిదాకా కాపాడారు. నేను ఇంతసేపూ కాపాడలేరని చెప్పిన ఫార్మేషనే అది. దీన్ని తేలిగ్గా తోసేయలేం. తేడా మనుషుల్లో ఉంది. ప్యాలెస్‌కి ముందు మటేటా ఉన్నాడు, తన్నేసిన బంతిని ఒంటితో ఆపి నిలబెట్టేవాడు. మధ్యలో వార్టన్ లాంటివాడు తన చోటు వదలడు. బ్రూనోకి చోటు వదలడమే ఆట. అతన్ని పది నంబర్ నుంచి వెనక్కి తెచ్చి ఆ ఇద్దరిలో ఒకణ్ణి చేసింది కోచ్.

రెండు, డిసెంబరులో ఎంబ్యుమో, అమాద్, మజ్రావి ఆఫ్రికా కప్పుకి వెళ్ళిపోయారు. నిజం. విల్లా, వుల్వ్స్, లీడ్స్ ఫలితాల్లో దాని పాత్ర ఉంది. కానీ ఆగస్టులో ఫుల్హమ్, నవంబరులో ఫారెస్ట్, టోటెన్‌హామ్ మ్యాచ్‌లకి వాళ్ళు ఇక్కడే ఉన్నారు.

మూడు, అదృష్టం. ఫుల్హమ్‌లో 0-0 ఉండగా బ్రూనో పెనాల్టీ పోగొట్టాడు, బ్రెంట్‌ఫర్డ్‌లోనూ ఒకటి పోయింది. 20 మ్యాచ్‌లంటే చిన్న లెక్కేనని ఒప్పుకుంటాను. ప్యాలెస్ మ్యాచ్‌లో వెనకబడి, అదీ వాళ్ళ మైదానంలో, 2-1తో గెలవడం నా సూత్రానికి సరిపడదు. ఒక్క మ్యాచ్ సరిపడకపోవచ్చు. అయితే లీడ్‌లో ఉండి వదిలేసిన 12 పాయింట్లని అదృష్టం ఖాతాలో వేయడానికి నాకు మనసొప్పదు.

నాలుగోది విజయవాడ, గుంటూరుల్లో అన్నిటికన్నా ఎక్కువ వినపడేది: పాత కోచ్ ఫెర్గూసన్‌కి మూడున్నరేళ్ళు ఆగారు కదా, ఈయనకేం? 1986 నవంబరులో వచ్చిన ఫెర్గూసన్ మొదటి కప్పు 1990లో. ఆ మధ్య లీగ్ స్థానాలు వరసగా 11, 2, 11, 13. ఆ రెండో అంకె దగ్గర ఆగి చూడాలి. వచ్చాక తొలి పూర్తి సీజన్‌లోనే జట్టుని రెండో స్థానంలో నిలబెట్టాడు. ఆగినవాళ్ళకి చేతిలో ఒక ఆధారం ఉంది. అమోరిమ్ మీద ఓపిక పట్టమన్నవాళ్ళకి ఆ ఆధారం లీగ్‌లో దొరకలేదు. స్పోర్టింగ్‌తో 2021లో, 2024లో పోర్చుగల్ టైటిల్ గెలిచాడన్న మాట తప్ప. ఆ గెలుపులు చిన్నవని కాదు. అక్కడ వారం వారం ఎదురయ్యే జట్లలో మధ్యలో ముగ్గురిని పెట్టి 90 నిమిషాలు ఇలా తరిమేవి తక్కువ.

క్లబ్బు వాటా

తప్పంతా ఆయన మీదే వేస్తే అన్యాయం. 2025 వేసవిలో క్లబ్బు దాదాపు 20 కోట్ల పౌండ్లు పెట్టి కున్యా, ఎంబ్యుమో, షెష్కోలని కొంది, ముగ్గురూ ముందు ఆడేవాళ్ళే. గోల్‌కీపర్ లామెన్స్ వచ్చాడు, అది మంచి కొనుగోలు. మిడ్‌ఫీల్డర్ని మాత్రం ఒక్కణ్ణి కూడా కొనలేదు. ఇద్దరి మీదే మధ్యభాగం మొత్తం మోపే కోచ్‌ని పెట్టుకుని, ఆ ఇద్దరి చోట్లలో డబ్బు పెట్టకపోవడం క్లబ్బు చేసిన తప్పు. కొత్తగా ఎవరొచ్చినా ఈ చిక్కు వారికీ మిగిలే ఉంటుంది. అందుకే కొత్త కోచ్ మొదటి అయిదు ఫలితాలు చూసి మురిసిపోవడం గానీ కుంగిపోవడం గానీ నేను చేయను. నేను రాసుకునేవి నాలుగే: ముందు గోలు ఎవరు ఏ నిమిషంలో కొట్టారు, లీడ్ వచ్చాక మధ్యలో ఎంతమంది మిగిలారు, 60-75 మధ్య ఎవరిని తీసి ఎవరిని పంపారు, తన్నేసిన బంతి ఎంతసేపటికి తిరిగొచ్చింది. చివరిది ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని చూడొచ్చు. 70 దాటాక సగటున 10 సెకన్ల లోపే బంతి తిరిగొస్తుంటే స్కోరు ఎంతున్నా నాకు నిద్ర పట్టదు.

అమోరిమ్‌ని తీసేయడం నా దృష్టిలో సరైనదే. కానీ చాలామంది చెప్పే కారణానికి కాదు. మందు తెలిసీ వాడనందుకు. సెప్టెంబరులో, పోప్ వచ్చి చెప్పినా ఫార్మేషన్ మార్చనన్నాడు. డిసెంబరు 26న న్యూకాజిల్ మీద మార్చాడు. వెనక నలుగురు, మధ్యలో ఒకరు అదనం. డోర్గు గోలుతో 1-0. రెండో సగమంతా న్యూకాజిల్ తరుముకొచ్చింది, అయినా లీడ్ చివరిదాకా నిలిచింది. నాలుగు రోజుల తర్వాత వుల్వ్స్ వచ్చింది, అప్పటికి లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవని జట్టు. అమోరిమ్ మళ్ళీ ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లతో దిగాడు. 27వ నిమిషంలో ముందు గోలు మనదే. ఫస్ట్ హాఫ్ ముగిసేలోపే 1-1, ఆఖరికీ 1-1.